మాటను వెలివేసే హద్దులు

రోహిత్ వేముల గురించి రాసేవారు చాలామంది 2016 జనవరి 17తో మొదలుపెడతారు. ఆ విషాదానికి దారితీసిన పరిణామాలు మాత్రం అంతకు ఐదున్నర నెలల ముందే, ఒక డాక్యుమెంటరీతో మొదలయ్యాయి. 2013 నాటి ముజఫర్‌నగర్ మతకలహాలపై నకుల్ సింగ్ సాహ్నీ తీసిన ‘ముజఫర్‌నగర్ బాకీ హై’ అనే చిత్రాన్ని 2015 ఆగస్టు మొదట్లో ఢిల్లీలోని కిరోరీమల్ కళాశాలలో ప్రదర్శిస్తుండగా ఒక విద్యార్థి సంఘం వారు అడ్డుకున్నారు. ఆ అడ్డగింతను ఖండిస్తూ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ విద్యార్థి సంఘం నిరసన తెలిపింది. ఆ నిరసనపై ఫేస్‌బుక్‌లో ఎగతాళి రాతలు, ఆ రాతలపై నిలదీత, నిలదీతలో దాడి జరిగిందన్న ఆరోపణ, ఒక కేంద్ర మంత్రి లేఖ, విచారణ సంఘాలు, చివరకు ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల సస్పెన్షన్. వసతి గృహం నుంచి, విశ్వవిద్యాలయపు ఉమ్మడి స్థలాల నుంచి వారిని బయటికి పంపారు. వారు ఆరుబయట డేరా వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. ఆ పేరులోనే ఒక వాదం ఉంది. ఒక సినిమా చూసే హక్కు గురించి మాట్లాడినందుకు పడిన శిక్షకు తెలుగు నేలపై అతి పాత పేరు ఏమిటో ఆ విద్యార్థులకు తెలుసు.

భావ ప్రకటనా స్వేచ్ఛపై మన చర్చల్లో ఈ ‘వెలి’ అనే మాట వినిపించదు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం హక్కును ఇస్తుందని, 19(2) అధికరణం దానికి హద్దులు పెడుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ హద్దులు ఎనిమిది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురిగొల్పడం. ఈ జాబితాలో కులం లేదు. అయినా ఏ మాట శాంతిభద్రతల సమస్య అవుతుంది, ఏ మాట కేవలం అభిప్రాయంగా మిగులుతుంది అన్న నిర్ణయంలో కులం తొంగిచూస్తూనే ఉంటుంది. జగిత్యాల, ధర్మపురి, నిర్మల్ ప్రాంతాల నుంచి వచ్చి విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న విద్యార్థులకు ఇది తెలియని సంగతి కాదు. తెలిసిన సంగతిని చట్టం భాషలో పెట్టి అడగడం ఎలా అన్నదే ప్రశ్న.

ఒకే సవరణ, రెండు ముఖాలు

హద్దులు ఎప్పుడూ ఒకే చోట లేవు. 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చిన కొద్ది నెలలకే రమేశ్ థాపర్ కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆయన నడిపిన ‘క్రాస్ రోడ్స్’ పత్రిక మద్రాసు రాష్ట్రంలోకి రాకుండా అక్కడి ప్రభుత్వం నిషేధించింది. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా నడుస్తున్న రోజులవి, కమ్యూనిస్టు రాతలంటే ప్రభుత్వాలు ఉలికిపడుతున్న కాలం. ప్రజా భద్రత, శాంతిభద్రతలు అనే విశాలమైన పేర్లతో మాటను నిషేధించడం కుదరదని, అప్పటి 19(2) పాఠం అందుకు చోటివ్వదని కోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. శాంతిభద్రతలు, విదేశీ సంబంధాలు, నేరానికి పురిగొల్పడం అనే కొత్త కారణాలు హద్దుల జాబితాలో చేరాయి. ఆ హద్దులు ‘సహేతుకం’గా ఉండాలన్న షరతు కూడా అప్పుడే చేరింది.

కులం గురించి ఆలోచించే పాఠకుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మాటకు హద్దులు పెంచిన ఆ సవరణే 15(4) అధికరణాన్ని కూడా తెచ్చింది. చంపకం దొరైరాజన్ కేసులో మద్రాసు రాష్ట్రపు కమ్యూనల్ జీవోను కోర్టు కొట్టివేయగా, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని ఆ అధికరణం రాజ్యానికి ఇచ్చింది. న్యాయశాఖ మంత్రిగా డాక్టర్ అంబేడ్కర్ ఈ రెండింటినీ పార్లమెంటులో సమర్థించారు. కనుక మొదటి సవరణను స్వేచ్ఛకు జరిగిన ద్రోహంగా మాత్రమే చదివే ఉదారవాద చరిత్ర మనకు సరిపోదు. అది మేలు మాత్రమే చేసిందన్న చదువూ సరిపోదు. ఒక చేత్తో అవకాశానికి తలుపు తీసి, మరో చేత్తో రాజ్యానికి మాటపై పట్టు పెంచింది. ఆ తలుపు గుండా విశ్వవిద్యాలయంలోకి వచ్చిన పిల్లలపైనే తర్వాతి దశాబ్దాల్లో ఆ పట్టు బిగుసుకోవడం మన కాలపు చేదు నిజం.

తెరపై మాటకు ముందే తాళం

పుస్తకం అచ్చయ్యాక కేసు పెడతారు. సినిమాను మాత్రం చూపించడానికి ముందే పరిశీలిస్తారు. ఈ తేడా న్యాయమైనదేనని సుప్రీంకోర్టు 1970లో చెప్పింది. ఆ కేసు కూడా ఒక డాక్యుమెంటరీదే. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1968లో ‘నాలుగు నగరాల కథ’ అనే చిన్న చిత్రం తీశారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నగరాల్లో మేడల పక్కనే ఉన్న మురికివాడలను, శ్రమను, వేశ్యావాటికను చూపించారు. సెన్సారు వారు కొన్ని దృశ్యాలు తీసేయమన్నారు. కేసు నడుస్తుండగా ప్రభుత్వం వెనక్కి తగ్గి, కోతలు లేకుండానే అందరూ చూడదగ్గదన్న సర్టిఫికెట్ ఇస్తామంది. అబ్బాస్ తన సినిమాను గెలిపించుకున్నారు, కేసును ఓడిపోయారు. ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా నాయకత్వంలోని ధర్మాసనం ముందస్తు సెన్సారును సమర్థించింది. కదిలే బొమ్మ మనుషుల ఉద్వేగాలను పుస్తకం కంటే లోతుగా కదిలిస్తుందన్నది ఆ తీర్పు వెనుక ఉన్న తర్కం.

ఆ తర్కం చూపించిన దారి ఇప్పటికీ తెరిచే ఉంది. చలనచిత్రోత్సవాల్లో చూపించే చిత్రాలకు సర్టిఫికెట్ అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వం మినహాయింపు ఇస్తుంటుంది. ఇది ప్రతి ఏటా మామూలుగా జరిగిపోయే పని. 2017 జూన్‌లో తిరువనంతపురంలో జరిగిన అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవంలో మూడు చిత్రాలకు మాత్రం ఆ మినహాయింపు దక్కలేదు. ఒకటి కశ్మీర్‌పై, ఒకటి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉద్యమంపై, మూడోది రోహిత్ వేముల మరణానంతరం హైదరాబాద్‌లో సాగిన ఆందోళనపై రామచంద్ర పి.ఎన్. తీసిన ‘ది అన్‌బేరబుల్ బీయింగ్ ఆఫ్ లైట్‌నెస్’. ఒక డాక్యుమెంటరీ ప్రదర్శనను అడ్డుకోవడంతో మొదలైన కథను చెప్పిన డాక్యుమెంటరీని కూడా అడ్డుకున్నారు. ఇక్కడ ఎవరూ నిషేధం అన్న మాట వాడలేదు. నిషేధిస్తే కారణం రాయాలి, కారణం రాస్తే కోర్టు దాన్ని పరీక్షిస్తుంది. మినహాయింపు ఇవ్వకపోవడానికి అంత శ్రమ అక్కర్లేదు.

సర్టిఫికెట్ ఉంటే భయం లేదా? ఆనంద్ పట్వర్ధన్ తీసిన ‘రామ్ కే నామ్’ 1992 నాటి చిత్రం. దానికి సెన్సారు సర్టిఫికెట్ ఉంది, జాతీయ పురస్కారం ఉంది, కోర్టు ఆదేశంతో దూరదర్శన్‌లో ప్రసారమైన చరిత్ర కూడా ఉంది. 2019 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో దాన్ని ప్రదర్శిస్తుంటే పోలీసులు వచ్చి విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. 2023 జనవరిలో గుజరాత్ అల్లర్లపై బీబీసీ తీసిన చిత్రానికి సంబంధించిన లింకులను ఐటీ నిబంధనల్లోని అత్యవసర అధికారంతో కేంద్రం తొలగింపజేసింది. అదే ప్రాంగణంలో విద్యార్థులు దాన్ని కూడా చూశారు, పోటీగా మరో సంఘం ‘ది కశ్మీర్ ఫైల్స్’ ప్రదర్శించింది. ఒక చిత్రానికి మరో చిత్రంతో జవాబు చెప్పడంలో తప్పేమీ లేదు, విశ్వవిద్యాలయం ఉన్నది అందుకే. తప్పు పోలీసు వ్యాను రావడంలో ఉంది. అది ఎప్పుడూ ఒకే గుమ్మం ముందు ఆగడంలో ఉంది.

గొప్ప తీర్పు, ఎవరి సినిమాకు?

భావ ప్రకటనా స్వేచ్ఛకు సుప్రీంకోర్టు ఇచ్చిన గట్టి రక్షణల్లో ఒకటి 1989 నాటి ఎస్. రంగరాజన్ తీర్పు. అల్లర్లు జరుగుతాయన్న బెదిరింపు ఉన్నంత మాత్రాన సినిమాను ఆపరాదని, ప్రమాదం దూరపు ఊహగా కాక మాటతో నేరుగా ముడిపడి ఉండాలని, బెదిరించేవారిని అదుపు చేయడం ప్రభుత్వ బాధ్యత అని ఆ తీర్పు చెప్పింది. న్యాయ విద్యార్థులందరూ దాన్ని చదువుతారు. అది ఏ సినిమా గురించో చాలామందికి గుర్తుండదు. తమిళంలో వచ్చిన ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ రిజర్వేషన్లను విమర్శించిన చిత్రం. ఉద్యోగం కోసం తక్కువ కులం పేరు పెట్టుకున్న బ్రాహ్మణ యువతి కథ అది. మద్రాసు హైకోర్టు దాని సర్టిఫికెట్‌ను రద్దు చేస్తే సుప్రీంకోర్టు తిరిగి ఇప్పించింది. 2011లో ‘ఆరక్షణ్’ సినిమాను ఉత్తరప్రదేశ్, పంజాబ్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఆపినప్పుడు, ఉత్తరప్రదేశ్ నిషేధాన్ని కొట్టివేస్తూ కోర్టు ఆ తీర్పు బాటలోనే నడిచింది.

ఈ తీర్పులు తప్పని అనడం లేదు. అవి సరైనవే. రిజర్వేషన్లను విమర్శించే హక్కు ఎవరికైనా ఉంది, ఆ విమర్శకు జవాబు చెప్పగల సత్తా అంబేడ్కర్ వాదులకు ఉంది. ప్రశ్న వేరు. ఆ కొలతే కులాన్ని కింది నుంచి విమర్శించే మాటకూ అంతే తేలికగా దక్కుతోందా?

పెరియార్ రామాయణ విమర్శకు హిందీ అనువాదం ప్రచురించిన లలయీ సింగ్ యాదవ్ పుస్తకాలను ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1969లో జప్తు చేసింది. అలహాబాద్ హైకోర్టు 1971లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పుతో 1976లో కేసు ముగిసింది. జప్తుకు కారణాలే రాయని ఉత్తర్వు చెల్లదని తేలింది. గెలుపు ఆయనదే. ఒక చిన్న ప్రచురణకర్తకు ఆ గెలుపు అందడానికి ఏడేళ్లు పట్టింది.

తెలుగు నేలకు వస్తే, కంచ ఐలయ్య పుస్తకంలోని ఒక అధ్యాయం 2017లో ‘సామాజిక స్మగ్లర్లు కోమటోళ్లు’ పేరుతో చిన్న పుస్తకంగా వచ్చింది. ఊరూరా నిరసనలు, కేసులు, బెదిరింపులు మొదలయ్యాయి. సెప్టెంబరు 23న పరకాలలో ఆయన కారుపై దాడి జరిగింది, ఆయన పోలీస్ స్టేషన్‌లో తలదాచుకోవలసి వచ్చింది. అక్టోబరు 13న పుస్తకాన్ని నిషేధించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. రచయితకు తన భావాలను చెప్పే హక్కు ఉందని, పుస్తక నిషేధం కోరడం తేలిక వ్యవహారం కాదని స్పష్టం చేసింది. ఆ శీర్షిక ఒక కులం పేరునే పట్టుకుని తూలనాడిందని బాధపడినవారు ఉన్నారు. ఊళ్లో చిన్న కిరాణా కొట్టు నడుపుకునే మనిషి ఆ బాధ పడితే దాన్ని కొట్టిపారేయలేం. ఆ బాధకు చోటు సమీక్షలో, ప్రతివాదంలో, మరో పుస్తకంలో ఉంది. కారు అద్దాలపై పడే రాయిలో లేదు.

2018 జులైలో సినీ విమర్శకుడు కత్తి మహేశ్ రాముడిపై చేసిన వ్యాఖ్యల వివాదంలో పోలీసులు ఆయనను ఆరు నెలల పాటు హైదరాబాద్ నగరం నుంచి బహిష్కరించి సొంత జిల్లా చిత్తూరుకు పంపారు. వాడిన చట్టం 1980 నాటి సంఘ విద్రోహ, ప్రమాదకర కార్యకలాపాల నిరోధక చట్టం. రౌడీల కోసం ఉద్దేశించిన చట్టమది. రెండు రోజుల తర్వాత స్వామి పరిపూర్ణానందను కూడా అదే చట్టంతో నగరం నుంచి పంపించారు. ఇద్దరి విషయంలోనూ అది తప్పే. మాట నచ్చకపోతే మనిషిని ఊరు దాటించడం పోలీసు చట్టంలో ‘బహిష్కరణ’. ఆ మాటను దళితవాడలో అడిగితే ‘వెలి’ అంటారు.

అవమానానికి స్వేచ్ఛ ఉందా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. ఐలయ్యకు, కత్తి మహేశ్‌కు స్వేచ్ఛ కోరే మీరు కులం పేరుతో తిట్టినవారిని జైలుకు పంపే చట్టాన్ని ఎలా సమర్థిస్తారు? మాటకు స్వేచ్ఛ అంటే అన్ని మాటలకూ ఉండాలి కదా?

షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. బహిరంగంగా, జనం చూసే వీలున్న చోట దళితుణ్ణి లేదా ఆదివాసిని అవమానించే ఉద్దేశంతో దూషించడం ఆ చట్టం ప్రకారం నేరం. అది కచ్చితంగా మాటకు పెట్టిన హద్దే. ఆ హద్దు కూడా కోర్టుల్లో జరుగుతూ వచ్చింది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో, స్థలం ప్రైవేటుది అయినా బయటివారు చూస్తూ వింటూ ఉంటే అది ‘జనం చూసే చోటు’ అవుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2020లో హితేశ్ వర్మ కేసులో, ఇంటి నాలుగు గోడల మధ్య సాక్షులు లేకుండా అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని తేల్చింది. 2024లో ఒక యూట్యూబ్ వీడియోకు సంబంధించిన షాజన్ స్కారియా కేసులో, అవమానానికి గురైన వ్యక్తి దళితుడైనంత మాత్రాన సరిపోదని, ఆ అవమానం అతని కులంతో ముడిపడి ఉండాలని అంది.

ఈ తీర్పుల్లో కొంత తర్కం ఉంది, కొంత అంధత్వం కూడా ఉంది. పాలేరును దొర తిట్టేది చాలాసార్లు కొట్టంలోనే, పొలం గట్టు మీదే. అక్కడ సాక్షులు ఉంటే వారు కూడా ఆ దొర పనిమనుషులే. జనం చూడని చోట అవమానం లేదనడం, కులం ఎక్కడ పనిచేస్తుందో తెలియకపోవడమే. అయినా ఈ చట్టం అభ్యంతరానికి జవాబు తనలోనే దాచుకుంది. అది భావాలను శిక్షించదు. దళిత ఉద్యమాన్ని విమర్శించండి, రిజర్వేషన్లు వద్దనండి, అంబేడ్కర్‌తో విభేదించండి, ఆ చట్టం మీ జోలికి రాదు. ఎదుటి మనిషిని పుట్టుక కారణంగా మనిషికంటే తక్కువ చేసి నలుగురిలో కించపరిస్తే వస్తుంది. మనోభావాల పేరుతో వచ్చే కేసులు దీనికి సరిగ్గా తలకిందులు. పాత శిక్షాస్మృతిలోని 153ఎ, 295ఎ సెక్షన్లు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 196, 299గా ఉన్నాయి. ద్వేషాన్ని రెచ్చగొట్టే మాటలను అరికట్టడానికి పుట్టిన సెక్షన్లవి. ఆచరణలో వాటిని వాడేది ఎక్కువగా ఒక సంప్రదాయాన్ని, ఒక గ్రంథాన్ని, ఒక అధికారాన్ని ప్రశ్న నుంచి కాపాడటానికి. మనిషి గౌరవాన్ని కాపాడే హద్దు ఒకటి, అధికారపు సుఖాన్ని కాపాడే హద్దు మరొకటి. రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయశాస్త్రం కాదు.

దేశ వ్యతిరేక మాటల విషయంలోనూ హద్దు జరుగుతూనే ఉంది. 2015లో శ్రేయా సింఘాల్ తీర్పుతో ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ పోయింది. 2022 మేలో రాజద్రోహ సెక్షన్‌ను సుప్రీంకోర్టు నిలిపివేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో 152వ సెక్షన్ రూపంలో దాని పోలికలున్న నిబంధన తిరిగి వచ్చింది. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కవితపై గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును కొట్టివేస్తూ, మాటకు సంబంధించిన ఇలాంటి కేసుల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపడం సముచితమని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక తలుపు మూసుకుంటే కిటికీ తెరుచుకుంటోంది, కిటికీ మూస్తే మరో తలుపు.

గోదావరి ఒడ్డున హద్దు ఎవరు గీస్తారు?

ఇంతవరకు చెప్పినదంతా రాజ్యం గీసే హద్దు. ఉత్తర తెలంగాణ అనుభవం మరో సంగతి కూడా చెబుతుంది.

ఈ ప్రాంతానికి రాజ్యపు హద్దులు కొత్త కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టికి, దొరల దౌర్జన్యానికి వ్యతిరేకంగా పల్లెల్లోని కూలీలు, దళితులు, వెనుకబడిన కులాల రైతులు వేల సంఖ్యలో పట్టణానికి తరలివచ్చారు. తరాలుగా దొర గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనుషులు తొలిసారి నడిరోడ్డుపై గొంతెత్తారు. నెల గడిచిందో లేదో, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1948 నాటి ఆ చట్టం ప్రకారం, ఐదుగురు గుమిగూడరాదన్న ఉత్తర్వును ఉల్లంఘించినవారిపై సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారి సైతం ప్రాణం పోయేదాకా బలప్రయోగం చేయవచ్చు. దేశమంతా ఎమర్జెన్సీ ముగిసిందని సంబరపడుతున్న ఏడాది తర్వాత ఇక్కడ నలుగురు కూడి మాట్లాడుకోవడమే నేరమైంది. 2005 ఆగస్టులో విప్లవ రచయితల సంఘంపై రాష్ట్ర ప్రభుత్వం నిషేధం విధించడం, సలహా మండలి సమర్థించకపోవడంతో అది మూడు నెలల్లోనే వీగిపోవడం ఆ చరిత్రకు కొనసాగింపు.

ఇప్పుడు ఇక్కడి పల్లెల్లో మాటకు హద్దు గీసేది చాలాచోట్ల పోలీసు కాదు, గ్రామాభివృద్ధి కమిటీ. జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ జిల్లాల్లో ‘వీడీసీ’ అంటే తెలియనివారు ఉండరు. పంచాయతీరాజ్ చట్టంలో వాటికి చోటు లేదు, ఎన్నిక లేదు, లెక్కల తనిఖీ లేదు. అయినా బెల్టు షాపులకు వేలం వేస్తాయి, కల్లు ధర నిర్ణయిస్తాయి, తగవులు తీరుస్తాయి, జరిమానాలు విధిస్తాయి. బడి, గుడి, రోడ్డు పనులు కూడా చేశాయి కాబట్టి ఊళ్లో వాటికి మద్దతు ఉంది. కమిటీ మాట కాదన్న కుటుంబాన్ని, కొన్నిసార్లు ఒక కులాన్నే వెలివేస్తాయి. కిరాణా కొట్టులో సరుకు ఇవ్వరాదు, ట్రాక్టరు పంపరాదు, పనికి పిలవరాదు, పలకరించరాదు. పలకరించినవారికి జరిమానా. దళితులే కాదు, గౌడలు, ఇతర వెనుకబడిన కులాల కుటుంబాలు కూడా ఈ వెలిని అనుభవించాయి. ఠాణాలో ఫిర్యాదు చేయడమే, పత్రికా విలేకరితో మాట్లాడటమే వెలికి కారణమైన సందర్భాలు ఉన్నాయి.

పలకరిస్తే జరిమానా అన్న నియమాన్ని ఒకసారి రాజ్యాంగం పక్కన పెట్టి చూడండి. మాట్లాడే హక్కుపై ఇంతకంటే పూర్తి నిషేధం ఏ సెన్సారు బోర్డూ విధించలేదు. సినిమాలో నాలుగు దృశ్యాలు కోస్తే అది జాతీయ వార్త. ఒక కుటుంబంతో ఊరంతా మాట్లాడటం మానేస్తే అది జిల్లా పేజీలో రెండు కాలాలు.

ఈ నిషేధం చేసేది ప్రభుత్వం కాదు కాబట్టి 19వ అధికరణం వర్తించదని చాలాకాలం అనుకున్నాం. 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ గోడను బద్దలుకొట్టింది. 19, 21 అధికరణాల కింది హక్కులను రాజ్యంపైనే కాక ఇతరులపై కూడా అమలు చేయించుకోవచ్చని మెజారిటీ తీర్పు చెప్పింది. 19(2)లో లేని కొత్త హద్దును ఎవరూ కల్పించరాదని కూడా అదే తీర్పు అంది. ఈ తీర్పును మంత్రుల వ్యాఖ్యల కేసుగానే చర్చించారు. వీడీసీ వెలి బాధితుడి చేతిలో అదొక ఆయుధం కాగలదని మన న్యాయవాదులు ఇంకా పరీక్షించవలసి ఉంది.

మరో ఆయుధం అత్యాచారాల నిరోధక చట్టంలోనే ఉంది. 2015 సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను, అలా చేస్తామన్న బెదిరింపును కూడా నేరంగా చేర్చింది. ఆ సవరణ అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న, వెలివాడ విద్యార్థి మరణించిన తొమ్మిది రోజులకు. అయితే ఆ రక్షణ దళితులకు, ఆదివాసులకే. వెలికి గురైన గౌడ, చాకలి, మంగలి కుటుంబాలకు అది అందదు. మహారాష్ట్ర 2016లో ఎవరిని వెలివేసినా నేరమయ్యేలా ప్రత్యేక చట్టం చేసింది. కుల పంచాయతీల జులుంపై అక్కడి హేతువాద ఉద్యమం ఏళ్ల తరబడి పోరాడిన ఫలితమది. తెలంగాణలో అలాంటి చట్టం లేదు. శాసనసభకు దళిత రిజర్వుడు నియోజకవర్గమైన ధర్మపురి నుంచి ప్రతినిధిని పంపే ప్రజలకు, ఆ చట్టం ఎందుకు లేదని అడిగే హక్కు అందరికంటే ముందు ఉంది.

చూపించవలసిన చిత్రం

మాట్లాడే సంప్రదాయం ఈ నేలకు అరువు తెచ్చుకున్నది కాదు. ధర్మపురి నరసింహుణ్ణి చనువుగా సంబోధిస్తూ, మధ్యమధ్య నిష్ఠూరమాడుతూ శతకం చెప్పిన శేషప్ప కవి ఇక్కడివాడు. అగ్రహారపు పురాణానికి ఎదురుగా, దేవతలకంటే ముందు పుట్టినవాడిగా జాంబవుణ్ణి నిలిపి జాంబ పురాణం చెప్పింది డక్కలివారు, చిందువారు. దేవుణ్ణి నిలదీసిన కవి మాట గుడి గోడల మీదికి ఎక్కింది. పుట్టుకనే తిరగరాసిన పురాణం వాడ దాటి ఊళ్లోకి రావడానికి ఇప్పటికీ అనుమతి అడుగుతోంది. ఏది భక్తి, ఏది ధిక్కారం అన్న తీర్పు మాటను బట్టి రాలేదు, పలికిన నోటిని బట్టి వచ్చింది.

డాక్యుమెంటరీ శక్తి ఇక్కడే ఉంది. 1997 జులైలో ముంబయి రమాబాయి కాలనీలో పోలీసు కాల్పుల్లో పది మంది దళితులు చనిపోయారు. వారి కోసం కలత చెంది ప్రాణం తీసుకున్న కవి, గాయకుడు విలాస్ ఘోగ్రేతో మొదలుపెట్టి పట్వర్ధన్ పద్నాలుగేళ్ల పాటు తీసిన ‘జై భీమ్ కామ్రేడ్’ ఆ సంఘటనను కేసు కాగితాల నుంచి బయటికి తెచ్చింది. వాడలోని పాటను, ఏడుపును, వాదాన్ని వారి నోటితోనే వినిపించింది. కెమెరా ఇప్పుడు ప్రతి విద్యార్థి జేబులో ఉంది. వెలివేసిన ఇంటి ముందు మూతపడిన కొట్టును, పలకరించడానికి భయపడే పక్కింటివారిని, ఫిర్యాదు కాగితం పట్టుకుని తిరిగే తల్లిని చిత్రించడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఆ చిత్రాన్ని కళాశాల హాలులో వేయనిస్తారా, పంచాయతీ గోడపై వేయనిస్తారా అన్నది అసలు పరీక్ష. ఆ పరీక్షకు చట్టం తెలిసి వెళ్లడం, తెలియక వెళ్లడం ఒకటి కాదు.

అందుకే మన కోరికలు స్పష్టంగా ఉండాలి. మనోభావాల పేరుతో వచ్చే ఫిర్యాదుపై ప్రాథమిక విచారణ లేకుండా ఎఫ్ఐఆర్ కట్టరాదు. ప్రదర్శనను అడ్డుకుంటామని బెదిరించేవారిపై చర్య తీసుకోవాలి తప్ప ప్రదర్శించేవారిపై కాదు. రంగరాజన్ తీర్పు రిజర్వేషన్ వ్యతిరేక చిత్రానికి ఇచ్చిన రక్షణే కుల వ్యతిరేక చిత్రానికీ అందాలి. విశ్వవిద్యాలయం క్రమశిక్షణ పేరుతో విద్యార్థిని ఉమ్మడి స్థలాల నుంచి బహిష్కరించే అధికారాన్ని వదులుకోవాలి. సాంఘిక బహిష్కరణను నిషేధించే చట్టాన్ని తెలంగాణ శాసనసభ చేయాలి, వీడీసీల జరిమానాలను, వేలాలను ఆ చట్టం పరిధిలోకి తేవాలి.

రాజ్యాంగం ఎనిమిది హద్దులనే ఒప్పుకుంది. తొమ్మిదో హద్దు ఏ గెజిట్‌లోనూ అచ్చు కాలేదు. ఊరు దాన్ని నోటితో చెబుతుంది, విశ్వవిద్యాలయం దాన్ని ఆఫీసు ఉత్తర్వుగా టైపు చేయిస్తుంది. దాన్ని పేరు పెట్టి పిలవడంతోనే దాన్ని చెరిపే పని మొదలవుతుంది. రోహిత్, అతని మిత్రులు డేరా పైన రాసిన ఆ ఒక్క మాటతో చేసింది అదే.

(వ్యాసకర్త విశ్వవిద్యాలయ ఆచార్యులు)